కంపెనీ తూచిన ఒళ్ళు

"ఇంకో రొట్టె ఎందుకే? నీ బరువు తగ్గకుంటే నా ఆపరేషన్ ఆగుతదని ఎర్కలేదా?" అన్నాడు మా ఆయన భిక్షపతి, నా కంచంలోకి చూస్తూ. అప్పటికి తను నాలుగు తిన్నాడు.

రెండువేల ఎనిమిదిలో, నేను పనిచేసే బిల్లింగ్ ఆఫీసులో కొత్త రూలు పెట్టారు. ఇన్సూరెన్స్ ఖర్చు పెరిగిందట. లావుగా ఉన్న ఉద్యోగులు మూడు నెలల్లో తగ్గకపోతే, ఇంట్లోవాళ్ళ ప్రీమియం జీతంలోంచి కోస్తారట, కోత వద్దంటే వాళ్ళ పేర్లు ఇన్సూరెన్స్‌లోంచి తీసేస్తారట. క్యాంటీన్‌లో అందరి ముందూ బరువు మిషన్ ఎక్కించారు. హెచ్చార్ శశిధర్ గారు నా అంకె పైకి చదివారు. వెనక ఎవరో "బియ్యం బస్తా" అన్నారు. ఆయనా నవ్వి, "పొద్దున్నే ఒక గంట మీకోసం ఉంచుకోండి మేడమ్, వాకింగ్ చేయండి" అన్నారు.

ఎక్కడుంది ఆ గంట? మా ఛత్రినాకలో నల్లా తెల్లవారకముందే వస్తుంది. డ్రమ్ములు నింపాలి, అత్తమ్మ మోకాళ్ళకు నూనె రాయాలి, అందరికీ డబ్బాలు కట్టాలి. ఒక్క పూట నల్లా చూడమని ఆయన్ని అడిగాను. "ఇంట్ల తిరుగుతనే ఉంటవు గదా, గదే వాకింగ్" అన్నాడు. "ఇద్దరు పిల్లల తల్లివి, గిప్పుడు గీ సోకులేంది?" అంది అత్తమ్మ పడుకునే. ఆ ఇద్దర్నీ మోసిన ఒళ్ళే కదా ఇది! అందరూ తిన్నాక మిగిలింది పారేయలేక నేను మింగిన అన్నమే కదా ఈ కొవ్వు! వీళ్ళ పనులకు పనికొచ్చినన్నాళ్ళూ నా ఒళ్ళు ఎవరికీ ఎక్కువ కాలేదు.

ఆయనకు హెర్నియా. తన కంపెనీలోనూ ఇన్సూరెన్స్ ఉంది కానీ, జీతం కోస్తారని చేరలేదు. "నీది ఉన్నది గదా, నాకెందుకు?" అనేవాడు.

మూడు నెలలకు మళ్ళీ మిషన్ తెచ్చారు. ముందున్న అమ్మాయి దాని మీద ఏడుస్తూ నిలబడింది. ఎవరో ఫోన్‌లో ఫొటో తీస్తున్నారు. నా వంతొచ్చింది.

"నేను ఎక్కను సార్."

"ఎక్కకపోతే మీ జీతంలో కోత పడుతుంది మేడమ్."

"పిల్లలకు పడేది కోసుకోండి. మా ఆయన పేరు మాత్రం తీసేయండి."

శశిధర్ గారి నవ్వు ఆగిపోయింది. "ఆయనకి ఆపరేషన్ ఉందన్నారుగా?"

"ఆయనకూ నౌకరీ ఉంది సార్."

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద లొల్లి. "మొగుణ్ణి సంపేటందుకు సూస్తున్నవా?" అని అత్తమ్మ నెత్తి కొట్టుకుంది. ఆయన నా మీదికి వచ్చి, "ఎవర్ని అడిగి తీసేయించినవే?" అని అరిచాడు. నేను వెనక్కి జరగలేదు.

"రేపు పోయి మీ ఆఫీసుల పేరు రాయించుకో" అన్నాను. "ఇగ నీ ఒళ్ళు నేను మొయ్య."