నాన్న వంతు గవ్వలు

మా ఇంట్లో ఆదివారం సినిమా అంటే అష్టాచెమ్మా. కేబుల్ తీయించేశాం. గుంటూరు వెళ్ళి హాల్లో కూర్చునే రోజులు మా ఆయనతోనే పోయాయి. వరండాలో సుద్దముక్కతో గళ్ళు గీసుకుని, మరమరాల్లో ఉల్లిపాయ, ఇంత కారం వేసి నిమ్మకాయ పిండితే నలుగురికీ సాయంత్రం గడిచిపోతుంది. నలుగురంటే నేను, మా అత్తయ్య వెంకటరావమ్మ, మా అమ్మాయి శ్రీరమ్య. నాలుగో మనిషి చనిపోయిన మా ఆయన.

మా ఆయన శివరామకృష్ణ కౌలుకు మిరప వేసేవాడు. ధర పడిపోయిన ఏడు, యార్డులో రేటు విని తన మిరప టిక్కీల మీదే, ఆ బస్తాల మీదే కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. పురుగుమందుల కొట్టు జక్రయ్య గారి అప్పు మా నెత్తిన పడింది. అప్పులు అందరికీ ఉంటాయి, అందరూ పోయారా? ఆ కోపం నాకింకా తగ్గలేదు. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తూ ఆ బాకీ నేనే తీరుస్తూ వచ్చాను.

ఆటలో రమ్యవి చింతపిక్కలు, అత్తయ్యవి పత్తిగింజలు, నావి గాజుముక్కలు. ఆ గాజులు ఎప్పుడు పగిలినవో చెప్పక్కర్లేదు. ఆయనవి ఎండుమిరప తొడిమలు. ఆయన వంతు వచ్చినప్పుడు రమ్య ఎడమచేత్తో గవ్వలు వేసేది. సరిగ్గా అప్పుడే వీధి అరుగు మీంచి దగ్గు వినపడేది. మిరప కల్లంలో ఏళ్ళ తరబడి ఘాటు పీల్చిన దగ్గు అది. మొదటిసారి విన్నప్పుడు నేను లేచి వెళ్ళి చూశాను, అరుగు మీద ఎవరూ లేరు. అత్తయ్య మాత్రం నాలుగో గిన్నెలో మరమరాలు పోస్తూ, "అప్పున్నోడు ఎక్కడికి పోతాడమ్మాయ్? వాడక్కడే ఉన్నాడు," అంది.

ఈ ఆటలో అవతలివాళ్ళ కాయను ఒక్కదాన్నయినా చంపితేగానీ మన కాయ లోపలి గళ్ళలోకి పోదు. రమ్య ఆయన తరఫున చంపేది కాదు. పందెం సరిగ్గా పడినా ఇంకో తొడిమ జరిపి, "నాన్న ఎవర్నీ చంపడు," అనేది. మేమూ ఆయన కాయల జోలికి పోయేవాళ్ళం కాదు. ఎన్ని ఆదివారాలు ఆడినా ఆయన బయటి గళ్ళలోనే తిరుగుతుండేవాడు.

మొన్న ఆదివారం పొద్దున జక్రయ్య గారికి ఆఖరి వాయిదా కట్టేసి వచ్చాను. సంబరంగా చెప్తే అత్తయ్య మొహం మాడిపోయింది.

"ఒక్క వాయిదా ఆపి ఉండాల్సింది బిందూ. అంత తొందరేమొచ్చింది?"

నాకు ఒళ్ళు మండింది. "ఎండకీ వానకీ మీ అబ్బాయి ఆ అరుగు మీదే పడుండాలా అత్తయ్యా?"

ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆటలో కావాలనే నా గాజుముక్కను ఆయన తొడిమకు అందేలా, మూడు గళ్ళ అవతల ఆపాను. ఆయన వంతు వచ్చింది. రమ్య గవ్వలు వేసింది. మూడు పడింది. అరుగు మీద దగ్గు.

"చంపవే," అన్నాను.

"నిన్నా? నేను చంపనమ్మా," అంటూ రమ్య చేతులు వెనక్కి పెట్టుకుని ఏడుపు మొదలెట్టింది.

పోనీ నేనే జరుపుదామని తొడిమ మీద చెయ్యి వేశాను. చెయ్యి కదల్లేదు. ఇన్నేళ్ళూ తిట్టుకున్న మనిషిని పంపించడానికి నాకూ మనసు రాలేదు.

అప్పుడు అత్తయ్య ముందుకు వంగి, నా చెయ్యి తీసేసింది. తొడిమతో గళ్ళు లెక్కపెట్టుకుంటూ వచ్చి నా గాజుముక్కను కొట్టింది. చంపినందుకు వచ్చే పందెం కూడా తనే వేసింది.

"ఇంక లోపలికి పో నాన్నా. నీ పెళ్ళాం అప్పు తీర్చేసింది," అంటూ కొడుకు తొడిమను లోపలి గడిలోకి జరిపింది.

ముగ్గురం వీధివైపు చెవులొగ్గి కూర్చున్నాం. నాలుగో గిన్నెలో మరమరాలు మెత్తబడిపోయాయి. దగ్గు రాలేదు. అప్పున్నన్నాళ్ళూ వెయ్యని భయం నాకప్పుడు వేసింది.

రమ్య గవ్వలు ఏరి, అలవాటుగా ఎడమచేతిలోకి తీసుకుంది.

"నానమ్మా, వచ్చే ఆదివారం నుంచి ముగ్గురమేనా?" అంది.