పొంగని పొడి

గిన్నెలో నిమ్మరసం పొంగలేదు.

గుండీలమ్మ ఇంకో అర చెంచా పొడి వేసి చూసింది. పొడి తెల్లగా అడుక్కి దిగి కూర్చుంది గాని ఒక్క బుడగ లేవలేదు. బేకింగ్ పౌడర్ అయితే పులుపు తగలగానే బుస్సుమని నురగ కట్టాలి. ముప్ఫై ఏళ్ళుగా గుండీలు, దారాలు, లేసులు అమ్ముతున్న మనిషి ఆమె. ఏ సరుకునైనా వేళ్ళతో నలిపి, గోటితో గీకి చూస్తే గాని కొట్టులోకి రానివ్వదు. అలాంటిది ఈ పొద్దున మూడు చెంచాల తెల్లపొడిని వాసనైనా చూడకుండా పిండిలో కలిపేసింది.

ఆ పిండితో చేసిన పన్నెండు నారింజ స్కోన్లలో ఒకటి మొగుడి కడుపులో ఉంది. నాలుగు అల్లుడి కడుపులో ఉన్నాయి. ఆ అల్లుడు ముప్పావుగంట కిందటే కూతుర్ని కారెక్కించుకుని వెళ్ళిపోయాడు.

అల్లుడు భూములు కొలిచే సర్వేయరు. పెళ్ళయ్యాక అత్తవారింట్లో రెండు రోజులుండడం ఇదే మొదలు. ఎప్పుడో ఒకచోట స్కోన్లు తిన్నానని, బిస్కెట్టుకీ బ్రెడ్డుకీ మధ్యరకంగా భలే ఉన్నాయని మాటవరసకి అన్నాడు. ఆ మాట చాలు ఆమెకి. నెల రోజులు ఆదివారాలు కూర్చుని నేర్చుకుంది. చల్లటి వెన్నని వేళ్ళ కొసలతో పిండిలో నలపడం, నారింజ తొక్కలో రంగున్నంత మేరే తురమడం, ముద్దని ఎక్కువ పిసక్కుండా వదిలేయడం, అన్నీ చేతికొచ్చాయి. అవెన్‌లోంచి వేలెడెత్తు పొంగి వచ్చేవి. ఈ రోజు మాత్రం వెళ్ళినవి వెళ్ళినట్టే బయటికొచ్చాయి, కోటు గుండీల్లా. అవెన్ వేడి చాల్లేదనుకుంది. వాళ్ళు బయల్దేరే వేళ దగ్గర పడుతోంది, మళ్ళీ చేసే వ్యవధి లేదు. జామ్ గిన్నె పక్కన పెట్టి అలాగే వడ్డించింది.

"చాలా బాగున్నాయి అత్తయ్యా!" అన్నాడు అల్లుడు. ఆమె టీ తేవడానికి లోపలికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ పళ్ళెంలో ఒకటి తగ్గింది. ఎంత పొంగిపోయిందో అప్పుడు.

ఇప్పుడు ఆ నాలుగూ గుర్తొస్తుంటే ఒళ్ళు చల్లబడుతోంది.

"ఏవండీ!" అని కేకేసింది. "ఏవండీ, ఒకసారి ఇలా రండి!"

భర్త పేపరు చేత్తోనే వచ్చాడు. పోస్ట్‌మాన్‌గా చేసి రిటైరైన మనిషి. ఉత్తరాలు లేని లోటు ఇంట్లో సామాన్ల మీద తీర్చుకుంటుంటాడు.

"ఈ సీసా ఇక్కడికెలా వచ్చింది?"

"ఎక్కణ్ణుంచి వస్తుంది? మొన్న అల్లుడొస్తున్నాడని అన్నీ సర్దానుగా. నీ కొట్టు సీసాలన్నీ ఒకే సైజు. ఒకటి కింద, ఒకటి మీద ఉంటే ఏం బాగుంటుంది? అన్నీ ఒక వరసలో పెట్టాను."

"కింద అంటే ఎక్కడ కింద?"

"సింకు కింద."

ఆమె వరసలోని సీసాల వంక చూసింది. గుండీల కోసం కొన్న గాజు సీసాలు మిగిలితే ఇంటికి తెచ్చుకుంది. కొట్టులో ప్రతి సీసా మూతకీ లోపలున్న గుండీ ఒకటి అతికించి ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. ఇంట్లో మాత్రం ఎడమ నించి మూడోది బేకింగ్ పౌడరని చెయ్యికి అలవాటు. చెయ్యి ఎడమ నించి మూడోదే తీసింది.

సీసా తలకిందులు చేసింది. అడుగున చిన్న కాగితం అతికించి ఉంది. బొద్దింకల నివారణకు. బోరిక్ పొడి. పిల్లలకు అందకుండా ఉంచండి.

"చీటీ అడుగున అతికించారేమిటండీ?"

"మరి పైన అంటిస్తే? అల్లుడు కాఫీ కోసం వంటింట్లోకొస్తే బొద్దింకలున్న ఇల్లని చదువుకోడూ..." అంటూనే ఆయన ఆమె మొహం చూశాడు, నిమ్మరసం గిన్నె చూశాడు, పళ్ళెంలో మిగిలిన ఏడు స్కోన్లనీ చూశాడు. పేపరు చేతిలోంచి జారింది. "ఒసేయ్, నేనొకటి తిన్నానే!"

"తెలుసు."

"కాస్త చేదుగా ఉంటే నారింజ తొక్కేమో అనుకున్నానే!"

"కూర్చోండి. కడుపులో ఏమన్నా తిప్పుతోందా?"

"ఇంతవరకూ లేదు. నువ్వడిగాక తిప్పుతోంది."

భయంలో కూడా లెక్క ఆమెని వదల్లేదు. మూడు చెంచాలు, పన్నెండు ముక్కలు. ముక్కకి పావు చెంచా. మొగుడికి పావు. అల్లుడికి నిండు చెంచా. నిండు చెంచా మందు మనిషిని ఏం చేస్తుంది? బొద్దింకని ఏం చేస్తుందో ఆమె రోజూ పొద్దున్నే ఊడ్చి పారేస్తోంది. కారు నడుపుతూ ఉండగా అతనికి కళ్ళు తిరిగితే? పక్క సీట్లో కూతురుంది.

కూతురికి ఫోన్ చేసింది. పక్కగదిలో మోగింది. చార్జింగ్‌కి పెట్టి మర్చిపోయింది పిచ్చిపిల్ల.

అల్లుడికి చేసింది. ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టడు, ఎంత బుద్ధిమంతుడోనని వీధంతా చెప్పుకుంది తను. ఆరుసార్లు చేసింది. ఒక్కో రింగుకీ కారు రోడ్డు దిగి చెట్టుకి గుద్దుకున్నట్టు కనిపించింది. ఏడోసారి ఎత్తాడు.

"చెప్పండత్తయ్యా! టీ తాగడానికి ఆగాం. ఏమన్నా మర్చిపోయామా?"

గొంతు బాగానే ఉంది. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. "ఏం లేదు బాబూ... కడుపులో ఎలా ఉంది?"

"కడుపా? బ్రహ్మాండంగా ఉంది. మీ స్కోన్లు అద్భుతం అత్తయ్యా, నాలుగు తిన్నా ఇంకా తినాలనిపించింది."

ఆమె పళ్ళెంలో మిగిలినవాటి వంక చూసింది. బాగానే ఉన్నాడుగా, ఎందుకు చెప్పడం? పళ్ళెం చెత్తబుట్టలో దులిపేస్తే ఎవరికీ తెలియదు. చెబితే మాత్రం ఈ జన్మకి ఆ అబ్బాయి ఈ ఇంట్లో మంచినీళ్ళు ముట్టడు. అల్లుడికి మందు పెట్టిన అత్తగారని వియ్యపురాలు బతికినంత కాలం చెప్పుకుంటుంది. అది నష్టమే, ఎంత నష్టమో ఆమెకి తెలుసు. చెప్పకపోతే వచ్చే నష్టం ఎంతో తెలియదు. దాని అంచు కనపడటం లేదు. అంచు కనపడని సరుకుని ఆమె ఏనాడూ కోయలేదు.

"బాబూ, జాగ్రత్తగా వినండి. ఆ స్కోన్లలో పొరపాటున బొద్దింకల మందు పడింది. మూడు చెంచాలు. మీరు నాలుగు తిన్నారు. కారు తోలకండి. ఎవరినైనా పిలిచి వెంటనే ఆసుపత్రికి..."

అవతల టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"బాబూ!"

"అత్తయ్యా..." అల్లుడు నీళ్ళు నమిలాడు. "అంటే... నేను తిన్నది ఒకటే అత్తయ్యా."

"నాలుగు తిన్నారు. నేను చూశాగా!"

"మీరు టీకి లోపలికెళ్ళినప్పుడల్లా ఒకటి చేతిరుమాల్లో... క్షమించండి. కొరుకుడు పడలేదు. వదిలేస్తే మీరు బాధపడతారని..."

ఆమెకి కోపం రాలేదు. ముప్పావు చెంచా ఆ అబ్బాయి కడుపులోంచి తీసేసినట్టయింది. గోడకి చేరబడి కళ్ళు మూసుకుంది.

అంతలో వెనకనించి కూతురి గొంతు వినపడింది. "ఏ రుమాలండీ? కారు ముందర అద్దం దగ్గర పెట్టిన దాన్లోవా? దారిలో ఆకలేసి నేను తినేశాగా, రెండు."

పై ప్రాణాలు పైనే పోవడం అంటే ఏమిటో గుండీలమ్మకి ఆ క్షణాన తెలిసింది. పెట్టెలు సర్దుకుంటూ టిఫినైనా తినలేదు పిల్ల. తినమని బతిమాలనందుకు పొద్దున్నించీ బాధపడింది తను.

"అమ్మా! ఏమైందమ్మా? ఈయన మొహం పాలిపోయిందేంటి?"

"నీకెలా ఉందే? వాంతి వస్తోందా? కళ్ళు మసకలేస్తున్నాయా?"

"కొంచెం వికారంగా ఉంది. కారు కదా, ఎప్పుడూ ఉండేదేగా..."

"ఎవరినైనా డ్రైవర్ని మాట్లాడుకుని మన ఆసుపత్రికే వచ్చేయండి. మేమూ వస్తున్నాం. ఆ మిగిలిన ముక్క పారేయకండి!"

మందు సీసా, తను వాడిన చెంచా, పళ్ళెంలో ఏడు స్కోన్లు, అన్నీ సంచిలో వేసుకుంది. తీరా గడప దాటాక వెనక్కి వెళ్ళి, చిల్లర గుండీలు తూచే చిన్న త్రాసు కూడా తీసుకుంది. ఆసుపత్రి రెండు వీధుల అవతలే. మొగుడి రెక్క పట్టుకుని నడిపించింది. ఆయన పది అడుగులకోసారి ఆగి కడుపు తడుముకున్నాడు.

"ఏమన్నా అయితే పెన్షన్ కాగితాలు..."

"నోరు మూసుకుని నడవండి."

కారు వచ్చేసరికి గంట పట్టింది. ఆ గంటా గేటు దగ్గరే నిలబడింది. కూతురు తన కాళ్ళ మీద తను దిగింది గాని మొహంలో నెత్తురు చుక్క లేదు. అది మందు వల్లో భయం వల్లో తల్లికి తెలియలేదు. చెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసుది, మాట చురుకు. "ఎంత పడిందో సరిగ్గా చెప్పగలరా? అందరూ కొంచెం అంటారు. కొంచెం అంటే నాకు అర్థం కాదు."

గుండీలమ్మ బల్ల మీద త్రాసు పెట్టింది. అదే చెంచాతో మూడు కొలతలు అంచు తీసి పోసింది. "పదకొండు గ్రాములు. పన్నెండు ముక్కలు. ఈయన ఒకటి, అల్లుడు ఒకటి, అమ్మాయి రెండు. మనిషికి గ్రాముకి కాస్త తక్కువ, అమ్మాయికి రెండుకి కాస్త తక్కువ."

డాక్టరమ్మ సీసా అడుగున చీటీ చదివింది, ఎవరికో ఫోన్ చేసి మెల్లగా మాట్లాడింది. ఆ మాటలు అర్థంకాక గుండీలమ్మ ఆమె కనుబొమలనే చూస్తూ నిలబడింది.

"ఇంత తక్కువ మోతాదుకి పెద్దవాళ్ళ ప్రాణం మీదికి రాదు," అంది ఫోన్ పెట్టేసి. "వాంతులు, విరేచనాలు అయితే అవ్వచ్చు. సాయంత్రం దాకా ముగ్గుర్నీ చూస్తాం. చిన్నపిల్లలెవరూ తినలేదుగా?"

"లేదు."

"అదృష్టవంతులు."

మూడు మంచాలు, మధ్యలో ఒక స్టూలు. గంటకోసారి నర్సు వచ్చి నాడి చూసి వెళ్ళింది. మధ్యలో గుండీలమ్మ తనే చూసింది, గోడ గడియారం వంక చూస్తూ కూతురిది, మొగుడిది. అల్లుడి చెయ్యి పట్టుకోవడానికి మొహమాటపడి ఆగితే, అతనే చాపాడు. రెండు గంటలకి కూతురు ఒకసారి వాంతి చేసుకుంది. ఆ పది నిమిషాలు గుండీలమ్మ ఏ లెక్కా వెయ్యలేకపోయింది.

పొద్దు వాలాక డాక్టరమ్మ వచ్చి ముగ్గుర్నీ లేపి నడిపించి చూసింది. వెళ్ళొచ్చని చెప్పింది.

"బాబూ," అంది గుండీలమ్మ, చెప్పులు వేసుకుంటున్న అల్లుడితో. "ఒక్క మాట నిజం చెప్పండి. ఎలా ఉన్నాయి?"

అల్లుడు పెళ్ళాం వైపు చూశాడు, మామగారి వైపు చూశాడు. ఎవరూ సాయం రాలేదు.

"ఘోరంగా ఉన్నాయత్తయ్యా. సుద్దముక్క నమిలినట్టుంది."

"ఆ మాట పొద్దున పళ్ళెం దగ్గర అనుంటే, అప్పుడే పారేసేదాన్ని కదయ్యా," అంది. మందలిద్దామనే మొదలుపెట్టింది. ఆ అబ్బాయి భుజం పట్టుకుని, పొద్దున్నించీ ఆపుకున్న ఏడుపంతా అక్కడే ఏడ్చింది.