పలక మీద నలభై పాయింట్ ఆరు

సాయంత్రం ఐదున్నరకు జయరాం తెల్లపెట్టె తలుపు దగ్గర ఆగాడు. రోజూ ఆగుతాడు. లోపల ఉన్నవి గాజు గొట్టాలేనని తెలుసు. అయినా ఏడాదిగా ఆ తలుపు తీయడమంటే, పడుకోబెట్టిన మనిషి మొహం మీది గుడ్డ తొలగించినట్టే ఉంటోంది.

బత్తలపల్లె దాటాక వచ్చే వేరుశనగ విత్తనాల ఫారంలో, నాలుగు కాళ్ల మీద రొమ్మెత్తున నిలబడి ఉంటుంది ఆ పెట్టె. గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. అందుకని గోడలకు చెక్కరెక్కలు, ఉత్తరానికి తలుపు. లోపలున్న పెద్ద గొట్టంలో పాదరసం పగటి వేడికి ఎక్కుతుంది. ఎక్కినది ఎక్కినచోటే ఉండిపోతుంది. సాయంత్రం గాలి చల్లబడినా దిగదు. పాత జ్వరం థర్మామీటరులాగే, మనిషి వచ్చి మణికట్టుతో విదిలించేదాకా ఆ రోజు వేడిని మరిచిపోదు.

జయరాం పద్దెనిమిదేళ్లుగా చేస్తున్న పని అదే. చూడడం, పుస్తకంలో రాయడం, విదిలించడం. ఆ తర్వాత గేటు దగ్గర వేలాడే పలక మీద సుద్దముక్కతో ఆ అంకె వేయడం. పలక ఆఫీసు చెప్పింది కాదు, గొర్రెల కాపరులు అడిగింది. వాళ్లలో చాలామందికి అక్షరాలు రావు, అంకెలు వచ్చు. తెల్లవారి మందను తోలుకొచ్చి పలక చూస్తారు. నిన్నటి ఎండ నలభై రెండు లోపుంటే గుట్టకు, దాటితే వాగు పక్క తుమ్మచెట్ల కిందికి.

తలుపు తీశాడు. నలభై మూడు పాయింట్ రెండు.

"ఏం జయరామప్పా, ఏమంటాండాడు నీ పెట్టెలో సామి?"

కంచె అవతల గొర్రెల కాపరి తిప్పయ్య. భుజాన గొంగడి, చేతిలో కట్టె. సాయంత్రంపూట ఇటు వచ్చే మనిషి కాదు.

"నలభై మూడు దాటె అన్నా."

"అట్లయితే రేపు వాగే." తిప్పయ్య కదల్లేదు. "నిన్నొకటి అడగల్ల. పోయిన ఎండాకాలం నుంచీ అడగల్లనుకుంటాండా. ఆ ఆదివారం నలభై అని రాసింటివి. సోమవారం నలభై ఐదు పక్కకొచ్చె. ఒక్క పొద్దులో ఎండ అంత ఎగురుతాదా? మేక గూడా అంత ఎగరదు కదప్పా."

జయరాం పుస్తకంలో అంకె రాసుకున్నాడు. ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. ఎన్నోసార్లు దీన్ని తిప్పయ్య గొంతుతో తనకు తానే వేసుకున్నాడు. ఆఫీసు పుస్తకం చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ అడగలేదు.

జవాబుకు బదులు పాఠం మొదలుపెట్టాడు.

"గాలికి సొంత వేడి లేదన్నా. ఎండ నేలను కాలుస్తాది, నేల గాలిని కాలుస్తాది. నేల్లో తడుంటే సగం వేడి ఆ తడిని ఆవిరి చేసేదానికే సరిపోతాది. మన నేల్లో ఏముండాది?"

"రాళ్లు."

"అదే. సముద్రమైతే వేడిని లోపలికి గుంజుకుంటాది. నిదానంగా కాగుతాది, నిదానంగా ఆరుతాది. మన ఊరికి నేరుగా, దూరంగా సముద్రం నడిమధ్య దీవులుండాయి. అదే సూర్యుడు నెత్తిమీద. ఆడ ముప్పై దాటితే గొప్ప."

చెబుతుంటే శిక్షణలో చూసిన పటం కళ్లముందు కదిలింది. ఒకే వేడి ఉన్న ఊళ్లను కలుపుతూ ప్రపంచమంతా వంకరగీతలు. మే నెలలో తమ గీత సముద్రాలు దాటి ఆఫ్రికా ఇసుకనేలల్లోకి పోయింది. అక్కడ ఏదో ఊళ్లో ఇలాంటి పెట్టె ముందు ఇంకో మనిషి నిలబడి ఉంటాడని అప్పట్లో అనుకునేవాడు. అది తోడులా ఉండేది. ఇప్పుడు ఆ మనిషి కూడా తనవైపే చూస్తున్నట్టుంటుంది.

"ఆ దీవుల్లో మా గొర్రెలు లేవులే," అన్నాడు తిప్పయ్య. "అంటే వేడి నేలలో నుంచి వస్తాదంటావు. అట్లయితే మా ఇంటిది మారెక్క కాలితో సూసింది నిజమే."

జయరాం గేటు పక్కనున్న బండ వైపు చూశాడు.

"ఆ సోమవారం తెల్లారి ఈ గేటుకాడ బండ మీద చెప్పు ఇడిచి కాలు పెట్టె. 'నిన్నటి వేడి ఇంకా దిగలేదు, గుట్టకు వద్దు' అనె. నేనేమంటినో తెల్సా? 'పలక మీద నలభై అనుండాది, నీ కాలేమన్నా కలెక్టరా?' అంటి. నాకు ఆ పొద్దు ఒళ్లు నొప్పులు. నేను పండుకుంటి. అది పోయె."

మధ్యాహ్నానికి గుట్ట మీంచి ఆటోలో తెచ్చారు మారెక్కను. వడదెబ్బకు అప్పటికే ప్రాణం పోయింది. జయరాం గేటు దగ్గరే ఉన్నాడు. ఎడమ కాలికి చెప్పు ఉంది, కుడి కాలికి లేదు. ఆ ఉత్త పాదం ఆటో బయటికి వచ్చి, గతుకుల్లో ఊగింది.

తెల్లపెట్టె తెరిచినప్పుడల్లా అతనికి ముందు కనిపించేది అదే. అంకె తర్వాత కనిపిస్తుంది.

ఆ ఆదివారం అతను క్వార్టర్ అరుగు మీద తడితువాలు కప్పుకుని పడుకున్నాడు. పెట్టె యాభై అడుగుల దూరం. సోమరితనమని ఒప్పుకోవడం తేలికే. కానీ అది కాదు, అతని చదువే అతన్ని పడుకోబెట్టింది. అదే సూర్యుడు, మబ్బులేని అదే ఆకాశం, అదే పొడినేల. నిన్నటికీ నేటికీ తేడా ఎందుకుంటుంది? గాలి మాత్రం దిక్కు మార్చి, రోజూ తగిలే చెంపను వదిలి రెండో చెంపను కాలుస్తోంది. అది తెలిసింది. తెలిసినట్టు తనకే తెలియనివ్వకుండా కళ్లు మూసుకున్నాడు. పొద్దు వాలాక లేచి, శనివారం అంకెకు పాయింట్ రెండు కలిపి నలభై పాయింట్ ఆరు అని వేశాడు. నిన్నటి అంకే మళ్లీ వేస్తే అబద్ధంలా ఉంటుందని ఆ రెండు.

"అన్నా," అన్నాడు. "ఆ ఆదివారం నేను పెట్టె తెరవలేదు."

తిప్పయ్య కట్టెను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"మరి ఆ నలభై?"

"అరుగు మీద కూసోని రాసినా."

"నిజానికి ఎంతుండె?"

"తెలీదన్నా. సోమవారం తెరిస్తే నలభై నాలుగు పాయింట్ ఎనిమిది ఉండె. ఆదివారమే అంత ఎక్కి అట్లే నిల్చిందో, సోమవారం ఎక్కిందో చెప్పేదానికి లేదు. విదిలించేసినా."

"ఈడకు తే, చూస్తాను."

జయరాం గొట్టాన్ని తీసి కంచె మీదుగా అందించాడు. తిప్పయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూశాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తెరిచి చూశాడు.

"నా చెయ్యి దీనికంటే సల్లగుండాది. అయినా దిగలే."

"దిగదు. విదిలించల్ల."

"నువ్వు విదిలిస్తివి." ఆ గొంతులో కోపం కోసం జయరాం వెతికాడు. కోపం ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. "ఏడాదిగా నా పక్కలో పండుకుంటాండేది ఆ నలభైనే అప్పా. అంకెను నమ్మి ఆడమనిషిని నమ్మకపోతినే అని. ఆ అంకె గూడా లేదంటావు."

గొట్టం తిరిగి ఇచ్చి, వెళ్లిపోయాడు.

పొద్దున ఆరుకు మందలు వచ్చాయి. పలక మీద జయరాం రెండు వరుసలు వేసి పెట్టాడు. నిన్నటి నలభై మూడు పాయింట్ రెండు. దాని కింద పోయిన ఏడాది ఆ ఆదివారం తేదీ, తేదీ పక్కన ఖాళీ. కాపరులు ఆ ఖాళీని చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏమప్పా, అంకె మింగినావా?" అని ఎవరో నవ్వారు.

వెనక నుంచి తిప్పయ్య వచ్చాడు. పలక వైపు తల తిప్పలేదు. గేటు పక్క బండ దగ్గర కుడికాలి చెప్పు విడిచి, పాదం మోపి నిలబడ్డాడు. నవ్వు ఆగిపోయింది. గొర్రెలు అతని చుట్టూ తలలు వంచుకుని ఆగాయి. కాసేపటికి చెప్పు తొడుక్కుని మందను వాగు వైపు మళ్లించాడు. మిగిలినవాళ్లు పలకను వదిలి అతని వెంట నడిచారు.

దుమ్ము అణిగాక జయరాం గేటు తీసుకుని బయటికి వచ్చాడు. చెప్పు విడిచి, అదే చోట కాలు పెట్టాడు.

వేడిగా ఉందని తెలిసింది. ఎంతో తెలియలేదు. తెలిసేదాకా ఉందామని నిలబడ్డాడు.