అలమర ఐదోసారి మారిన రోజు

మందుల అలమరను మార్చమని ఉత్తరువు రాసేవారు, ఆ మార్పు నర్సు చేతివేళ్ళకు అలవడడానికి ఎన్నాళ్ళు పడుతుందో అదే కాగితంలో ఎందుకు రాయరు?

ఉదయం ఎనిమిదిన్నరకు, పుంగనూరు ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డులో, పెద్ద నర్సు మునీశ్వరి ఆ ప్రశ్న వేయడం లేదు. అడిగి అడిగి మానేసింది. ఇప్పుడామె, కొత్తగా చేరిన నర్సు సింధూజ కళ్ళకు పచ్చ చున్నీ బిగించి కడుతోంది. మదనపల్లె ప్రధాన కార్యాలయం నుంచి నిన్న వచ్చిన ఉత్తరువుతో అత్యవసర మందుల అలమర ఈ ఏడాది ఐదోసారి మారింది. మొదట రోగాన్ని బట్టి, తర్వాత అక్షరక్రమంలో, ఆపైన రంగుచీటీలతో, మళ్ళీ కంపెనీల వారీగా. ఇప్పుడు కంప్యూటరు ఇచ్చిన అంకెల వరుసలో. ఆ చున్నీ కూడా ఒక ఉత్తరువు మిగిల్చినదే. పచ్చ యూనిఫారం మూడు నెలలకే రద్దయింది.

"అడ్రినలిన్ యాడుండాది?"

సింధూజ చేయి గాలిలో తడుముకుని ఒక పెట్టెను పట్టుకుంది. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి.

"అది వాంతుల మందు. మనిషి పోయినంక వాంతులు ఆపుతావా?"

వార్డు గొల్లున నవ్వింది. మోకాలి కట్టుతో మూడో మంచం మీదున్న రుక్మిణమ్మ ఇక ఆగలేకపోయింది. "కింద అరలో సూడుమ్మా, కుడిపక్క. నాకే నోటికొచ్చేసినాది."

"అవ్వా, నువ్వు పలకబాక. కావాలంటే నీకూ ఒక యూనిఫారం కుట్టిస్తా. యా రంగని మాత్రం అడగబాక, రేపటికి మారిపోతాది."

మునీశ్వరికి యాభై రెండేళ్ళు. పొట్టి మనిషి. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి ఉంటాయి. మందుసీసాల మూతలు లేపి లేపి కుడి బొటనవేలి గోరు అరిగిపోయింది. నిద్రలో ఆమె చేయి గోడను తడుముతుందని భర్త గంగాధరం ఎగతాళి చేస్తాడు. రెండు నెలల కిందట రక్తపోటు మాత్ర మొదలైంది. చీటీలో కారణం దగ్గర 'వయసు' అని రాశారు. 'అలమర' అని రాయలేదు.

ప్రాణం మీదికొచ్చినప్పుడు కళ్ళు రోగి మీదే ఉండాలి, చేయి దానంతటది మందును చేరుకోవాలి. అందుకే ప్రతి మార్పుకూ ఈ గంతల ఆట. ఈసారి ఒక్కరోజే గడువు. అదే ఉత్తరువు రెండో పేరాలో మునీశ్వరిని కుప్పం శాఖకు పంపారు. సాయంత్రం ఐదు దాటితే వార్డు సింధూజది.

పదకొండో ప్రయత్నానికి సింధూజ చేయి తడబడలేదు. రుక్మిణమ్మ చప్పట్లు కొట్టింది.

మూడింటికి చిక్కమ్మ అనే కూలిమనిషిని ఆటోలో తెచ్చారు. టమోటా తోటలో తేనెటీగలు కుట్టాయి. ముఖం ఉబ్బి కళ్ళు పూడిపోయాయి, ఊపిరి ఈలలా వినబడుతోంది. డాక్టరు ఒకే మాట అన్నాడు: "అడ్రినలిన్."

మునీశ్వరి చూపు చిక్కమ్మ పెదవులను వదల్లేదు. చేయి వెనక్కి చాచి పై అరలో పెట్టింది. తగిలినవి సెలైన్ గొట్టాలు. పోయిన నెల అలమరలో మందు ఉండే చోటది. ఆమె తల తిప్పేలోగా సింధూజ అరచేతిలో సీసా ఉంది.

అరగంట తర్వాత చిక్కమ్మ కళ్ళు సగం తెరిచి, "నా సెప్పులు యాడ?" అంది.

"అక్కా, నీ చెయ్యి పైఅరకు పోయినాది," అంది సింధూజ మెల్లగా.

"నా చెయ్యి ఇంగా పోయిన నెల డూటీలోనే ఉండాదిమే. నీది ఈ పొద్దు డూటీకొచ్చినాది, అది సాలు."

మునీశ్వరి నవ్వింది. ఆ చేతిని మాత్రం కోటు జేబులోంచి చాలాసేపు బయటికి తీయలేదు.

ఐదింటికి సంచీ భుజాన వేసుకుంది.

"కుప్పంలో అలమర ఎట్లుంటాదో?" అంది రుక్మిణమ్మ.

"నేను పోయేలోపల మార్చేస్తార్లే అవ్వా."

వార్డంతా నవ్వుతుండగానే ఆమె పలమనేరు మీదుగా పోయే బస్సుకు నడిచింది.

పచ్చ చున్నీని అలమర పిడికి కట్టి వెళ్ళింది, ముడి వదులుగా. ఆరో మార్పు మీద సంతకం చేయవలసినవారు మీరైతే, పుంగనూరు రండి. మొదట ఆ ముడి విప్పి చున్నీని మీ కళ్ళకు కట్టుకోండి, అడ్రినలిన్ తీసి చూపండి, ఆ తర్వాతే కలం మూత తీయండి.