పదమూడో ఎక్కం

బాత్‌రూంలో నీళ్ళ చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది. అమ్మ ఇంకా బయటికి రాలేదు. తలుపు కొట్టాను. పలకలేదు.

అసలే బీపీ మనిషి. నాన్న పోయి నెల కావస్తోంది. అప్పట్నుంచి సరైన తిండి లేదు, నిద్ర లేదు, కంట తడి కూడా లేదు. పొద్దున మాత్ర వేసుకోమంటే "వేసుకుంటాలే" అంది. ఆ మాత్ర ఇంకా బల్ల మీదే ఉంది. కాసేపట్లో నాన్నని తలుచుకోవడానికి బంధువులూ, ఆయన దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్ళూ ఇంటికి వస్తున్నారు. ముందు గదిలో తమ్ముడు కుర్చీలు సర్దుతున్నాడు.

"ఒరేయ్, అమ్మ పలకడం లేదురా!" అని కేకేశాను.

వాడు చేతిలో కుర్చీ అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాడు. తలుపు తోసి చూశాడు. కదల్లేదు.

"గడియ వేసుకున్నట్టుందక్కా."

"మన బాత్‌రూంకి గడియెక్కడిదిరా?"

వాడు నేలచూపులు చూశాడు. "నిన్న వడ్రంగిని పిలిచి పెట్టించాను. ఇంతమంది వస్తున్నారు కదా. అందరూ పాడలేరు కదక్కా!"

లాగి ఒక్కటివ్వాలన్నంత కోపం వచ్చింది. కానీ వాడన్నదీ నిజమే.

మా నాన్న టైలరు. బట్ట మీద ఆయన కత్తెర నూలుపోగంత కూడా పక్కకి పోయేది కాదు. బట్ట తప్ప ఇంకేది ముట్టుకున్నా అంతే సంగతులు. మా చిన్నప్పుడు బాత్‌రూం గడియ బిగుసుకుపోతే బాగుచేస్తానని కూర్చున్నారు. గడియ ఊడి చేతిలోకి వచ్చేసింది. వడ్రంగిని పిలవమని అమ్మ పోరు పెడితే, "వడ్రంగెందుకు? లోపలున్నవాళ్ళు పాట పాడాలి. పాట వినబడితే బయటివాళ్ళు ఆగాలి" అని చట్టం చేసేశారు. తమ్ముడు సినిమా పాటలు పాడేవాడు. నేను గొంతెత్తితే చాలు, "తప్పుకోండి, తప్పుకోండి, అంబులెన్సొస్తోంది!" అని నాన్న ఇల్లంతా చాటింపు వేసేవారు. అలా నా పేరు అంబులెన్స్ అయి కూర్చుంది. నా పెళ్ళయ్యాక మా ఆయన ముందు కూడా అలాగే పిలిచారు, మొహమాటమన్నది లేకుండా.

అమ్మ స్కూల్లో లెక్కల టీచరు. పాటలంటే ఆమడ దూరం. అందుకని ఎక్కాలు చదివేది. నాన్న మెడలో టేపు అలాగే వేసుకుని వచ్చి, పదమూడో ఎక్కం కోసం తలుపు దగ్గర కాపు కాసేవారు. "పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది, పదమూడు ఏళ్ళు..." అని అమ్మ అనడమే ఆలస్యం, "ఎవరికండీ టీచరుగారూ? మీకా? నమ్మమంటారా?" అనేవారు. అమ్మకి నవ్వొచ్చి లెక్క తప్పేది. "ఛ, పోదురూ! మళ్ళీ మొదటికొచ్చింది" అని మళ్ళీ ఒకటి నుంచి అందుకునేది. ఎన్నాళ్ళయినా అదే జోకు, అదే నవ్వు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. "నాన్నా, నాకు టైమైపోతోంది, అమ్మని స్నానం చేయనివ్వు!" అని అరిచేదాన్ని.

ఇప్పుడు లోపల ఏ ఎక్కమూ వినబడటం లేదు.

"పగలగొట్టేస్తాను" అని తమ్ముడు తలుపుకి భుజం ఆనించాడు.

"ఆగరా! తలుపు వెనకే పడిపోయి ఉంటే? తగిలితే?"

"మరేం చేద్దాం? అంబులెన్సుకి ఫోన్ చేయనా?"

మామూలుగా అయితే ఆ మాటకి ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్ళం. ఇద్దరికీ నవ్వు రాలేదు. వాడు ఫోన్ తెచ్చుకోవడానికి కూడా కదలకుండా నా మొహంలోకి చూస్తున్నాడు.

నేల మీద బోర్లా పడుకుని తలుపు కింద సందులోంచి చూశాను. తడి నేల కనిపించింది, నీలం బకెట్ అడుగు కనిపించింది. అమ్మ కాళ్ళు కనిపించలేదు. నెల తిరక్కుండా ఇద్దర్నీ పోగొట్టుకుంటానా అనిపించింది. అలా అనిపించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

"అమ్మా! ఒక్క మాట పలకవే!"

ఉలుకూ పలుకూ లేదు. ఎందుకు మొదలుపెట్టానో నాకే తెలియదు. అలాగే పడుకుని, సందు దగ్గర నోరు పెట్టి, "పదమూడొకట్ల పదమూడు" అన్నాను.

"అక్కా, ఏం చేస్తున్నావ్?"

"నోరుముయ్. పదమూడు రెళ్ళు ఇరవై ఆరు. పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది."

లోపల ఏ అలికిడీ లేదు. నాలుగులు అయ్యాయి, ఐదులు అయ్యాయి. "పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది. పదమూడు ఏళ్ళు..."

అక్కడ ఆగిపోయాను. తరవాత ఎంతో నాకు తెలుసు. కానీ ఆ చోట నాన్న మాట పడాలి. అది పడకుండా నాలుక ముందుకు కదల్లేదు.

లోపల్నుంచి సన్నగా ఒక గొంతు వచ్చింది.

"ఎవరికండీ?"

తమ్ముడు గోడకి జారగిలబడిపోయాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే, "ఛ, పోదురూ! మళ్ళీ మొదటికొచ్చింది" అన్నాను.

గడియ తీసిన చప్పుడైంది. అమ్మ తడి జుట్టుతో గుమ్మంలోకి వచ్చింది. మొహమంతా కన్నీళ్ళు. వెనకాల గోడ మూల స్టూలు ఉంది. ఇంతసేపూ దాని మీదే కాళ్ళు ముడుచుకుని కూర్చుందన్నమాట. భయం పోగానే నాకు కోపం వచ్చింది.

"అంతలా పిలుస్తుంటే వినబడలేదా నీకు?"

"వినబడిందే" అంది. "గడియ వేసుకున్న సంగతే మర్చిపోయి, అలవాటుగా నాలో నేనే చదువుకుంటున్నాను. ఏళ్ళ దగ్గర ఆగాను. ఎవరూ అడగలేదు. ఎవరూ అడక్కపోతే తరవాత ఎంతో గుర్తు రాలేదే."

ఇద్దరం ఆమెని చెరో పక్కా పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాం. మాత్ర మింగించాను. తమ్ముడు వెళ్ళి, నాన్న కుట్టుమిషను సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి గడియ విప్పడం మొదలుపెట్టాడు.

అమ్మ ముక్కు తుడుచుకుని వాడి వైపు చూసింది.

"జాగ్రత్తరా. నీవీ మీ నాన్న చేతులే. ఈసారి తలుపే ఊడొస్తుంది."