నడుము నొప్పి

అయిదో నంబరు ఎత్తినావిడ "పై పన్నా, కింద పన్నా?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను ఫోన్ చేసింది పళ్ళ డాక్టరుకి కాదు, మనసు డాక్టరుకి.

బస్సు డిపో వాళ్ళు ఇచ్చిన కాగితం అది. ఉద్యోగులకు దగ్గరలో ఉన్న కౌన్సెలర్ల జాబితాట. ఒక నంబరు పనిచెయ్యదు. ఒకాయన ఊరొదిలి రెండేళ్ళయింది. ఒకావిడ చిన్నపిల్లల్ని తప్ప చూడదు. ఇంకొకాయన తీరిగ్గా నాలుగు నెలలు ఆగమన్నాడు. మనిషి మునిగిపోతుంటే నాలుగు నెలలు ఊపిరి బిగబట్టుకోమన్నట్టుంది.

మా అన్నయ్య పంతొమ్మిదేళ్ళు బస్సు నడిపాడు. మూడు నెలల కిందట మలుపులో ఒక సైకిలు జారి, తొక్కే మనిషితో సహా చక్రం కిందికి వచ్చింది. అన్నయ్య తప్పు లేదని విచారణలో తేలింది. తేలితే మాత్రం? వీధిలో ఎవరైనా గట్టిగా బ్రేకు వేస్తే చాలు, పళ్ళెంలో చెయ్యి పెట్టినవాడు పెట్టినట్టే ఆగిపోతాడు. పోయిన వారం డాబా ఎక్కి పిట్టగోడ మీద కాళ్ళు అవతలికి వేసుకుని కూర్చున్నాడు. దిగి రమ్మంటే "ఓపిక లేదే" అన్నాడు. ఆ రోజే నా కుట్టు మిషన్ మీద గుడ్డ కప్పేసి ఫోన్ పట్టుకున్నాను.

ఆరో నంబరావిడ విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా విన్నది.

"ఎల్లుండి పదకొండింటికి తీసుకురండి. ఈలోగా ఆయన్ని ఒంటరిగా వదలకండి. డిపో ఉత్తరం మాత్రం రేపటికల్లా నాకు చేరాలి. సెలవు దేనికో అందులో సరిగ్గా ఉండాలి. లేకపోతే ఫీజు కట్టడానికి డిపో వాళ్ళు ఒప్పుకోరు, ఆ సమయం ఇంకొకరికి వెళ్ళిపోతుంది."

అన్నయ్య తరఫున సెలవు చీటీ రాసింది నేనే. నడుము నొప్పి అని రాశాను. మనసు అని రాస్తే పిచ్చి అంటారని, మళ్ళీ బస్సు ఇవ్వరని, వదిన పుట్టింటివాళ్ళు ఏమనుకుంటారోనని. మూడుసార్లు పొడిగించాను, మూడుసార్లూ నడుమే. అన్నయ్యకీ అది బాగానే కలిసొచ్చింది. ఎవరు పలకరించినా నడుము మీద చెయ్యి వేసుకునేవాడు. వదిన రోజూ వేడినీళ్ళ సంచి పెట్టేది. ఇంటిల్లిపాదీ లేని నొప్పికి కాపడం పెట్టి, ఉన్న నొప్పిని గాలికి వదిలేశాం.

మర్నాడు వదినని అన్నయ్య దగ్గర కూర్చోబెట్టి డిపోకి వెళ్ళాను. కిటికీ వెనక గుమస్తా రిజిస్టరు తిరగేసి నవ్వాడు.

"నడుముకి కౌన్సెలర్ ఎందుకమ్మా? ఎముకల డాక్టర్ దగ్గరికెళ్ళండి."

"అది తప్పు. మార్చండి."

"ఎవరు రాశారు?"

"నేనే."

"అయితే అబద్ధం అప్పుడు చెప్పారా, ఇప్పుడు చెప్తున్నారా?"

నా వెనక వరసలో డ్రైవర్లున్నారు. అందరూ అన్నయ్యని ఎరిగినవాళ్ళే. గొంతు తగ్గించి మాట్లాడదామనే అనుకున్నాను. నావల్ల కాలేదు.

"అప్పుడే చెప్పాను! మా అన్నయ్య నడుముకేం, రాయిలా ఉంది. కూలిపోయింది మనిషి. చచ్చిపోదామని గోడెక్కి కూర్చున్నాడు. ఆ మాట రాయడానికి నాకు సిగ్గేసింది. ఇప్పుడు ఆ సిగ్గుని తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తోంది. అన్నయ్యకి సాయం అందకుండా ఇన్నాళ్ళూ ఆపింది మీరొక్కరే కాదు, నేను కూడా. రాసుకోండి!"

గుమస్తా నవ్వు ఆగిపోయింది. రిజిస్టరు నా వైపు తిప్పాడు. అన్నయ్య వరస వెతుకుతూ పేజీ అంతా చదివాను. నడుము. నడుము. మెడ. నడుము. తలనొప్పి. నడుము. అన్నయ్య పేరు పక్కనున్న ముక్క కొట్టేసి, ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టాను. గుమస్తా అదే మాటతో ఉత్తరం రాసి ముద్ర వేసిచ్చాడు.

వెనక్కి తిరిగితే, మీసాలు నెరిసిన డ్రైవరొకాయన దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. చేతిలో సెలవు చీటీ.

"ఆవిడ నంబరు నాకూ ఇస్తావా తల్లీ?" అన్నాడు మెల్లగా.

అతని మీదా కోపమొచ్చింది. ఇంతమంది ఉండి, నాకూ ఇలాగే ఉందని ఒక్కడైనా మా అన్నయ్యతో అన్నాడా?

"ముందు ఆ చీటీలో ఏం రాశారో చూపించండి," అన్నాను.

చూపించాడు. నా పెన్ను అతని చేతిలో పెట్టాను.

"కొట్టెయ్యండి."