పన్నెండో సాలు అలక

కోరిన్ పొద్దున్నే బూట్లు బిగించుకుని ద్రాక్షతోటలోకి పోయేది. గుత్తికో పండు నోట్లో వేసుకుని, గింజ కొరికి ఉమ్మేసేది. గింజ కరకరలాడితే కోత. మీటర్లో చక్కెర ఎంత చూపిస్తోందో ఆమెకు అక్కర్లేదు. వైన్ తోటలోనే తయారవుతుంది, పీపాల దగ్గర మనం చేసేదల్లా దాన్ని చెడగొట్టకుండా ఉండటమేనని విన్నవాళ్లకూ విననివాళ్లకూ చెప్పేది.

కాలు నిలవని మనిషి. అమెరికాలో ఈ ఒరెగాన్ తోట కోత ముగించి, రుతువులు తలకిందులుగా ఉండే న్యూజిలాండ్‌కు అక్కడి కోతల వేళకు విమానమెక్కేది. పీపాలు కడిగే పనితో మొదలుపెట్టి పదకొండేళ్లుగా ఇదే పరుగు. ఇరవై రెండు కోతలు చూసింది, ఒక్క చిగురు చూడలేదు. ఈసారి ఫిబ్రవరి కల్లా అక్కడికి చేరితే పెద్ద వైన్‌మేకర్ ఉద్యోగం, సీసా మీద తన పేరు. ఇన్నాళ్లూ తిరిగింది అందుకే.

అక్టోబరులో అన్ని సాళ్లూ పండాయి, పన్నెండోది తప్ప. వానలొచ్చాయి, మంచు పడింది, మిగతా తీగలు ఆకు రాల్చాయి. పన్నెండో సాలు మాత్రం పచ్చటి ఆకులతో, పుల్లటి కాయలతో అలాగే నిలబడింది.

"అలిగింది," అన్నాడు తోట మేస్త్రీ బల్తజార్, కాఫీ ఊదుకుంటూ. "కోయగానే ఎగిరిపోతావని తెలిసిపోయినట్టుంది."

"ఎన్నాళ్లు అలుగుతుంది?"

"మా ఆవిడైతే తొమ్మిది రోజులు. దీని సంగతి నాకేం తెలుసు?"

"పండాక మీరే కోయించండి. నేను పోతాను."

"వెళ్లమ్మా, వెళ్లు. వైన్ తోటలోనే తయారవుతుందని ఊరంతా చాటింది నేను కాదుగా."

ఆ మాట కోరిన్‌కు ముల్లులా దిగింది. టికెట్ మార్చింది, మళ్లీ మార్చింది. రోజూ గింజ కొరికేది, పచ్చిదే. ఊరికే కూర్చోలేక, కత్తెర పట్టుకుని బల్తజార్ వెనకే మిగతా సాళ్లన్నిట్లో ఆకు రాలిన కొమ్మలు కత్తిరించింది. ఫిబ్రవరి చివర న్యూజిలాండ్ నుంచి ఫోనొచ్చింది. ఆ ఉద్యోగంలోకి ఇంకొకరిని తీసుకున్నారట. ఆ పూట పన్నెండో సాలును నోటికొచ్చినట్టు తిట్టి, బురదలోనే కూర్చుని ఏడ్చింది.

ఏప్రిల్లో ఒక ఉదయం పదకొండో సాలు దగ్గర ఆగిపోయింది. తన చేత్తో కత్తిరించిన కొమ్మ మీద మొగ్గ విచ్చుకుంది. లోపల గులాబీ అంచుతో వేలిగోరంత చిగురాకు, దాని మీద తెల్లటి నూగు.

"కోరిన్!" పక్కనే పన్నెండో సాల్లోంచి బల్తజార్ కేకేశాడు. "కాయలు నల్లబడ్డాయి! గింజ కరకరలాడుతోంది! బుట్టలు తెప్పించనా?"

పదకొండేళ్లుగా ఆ మాట వింటే పరిగెత్తిన మనిషి మోకాళ్ల మీద కూర్చుంది.

"ఉండండి," అంది. "ముందు దీన్ని చూడనివ్వండి."